క్రోమ్‌లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకోలా: తెలుగు, ఒడియా కలిసిన పేజీని దారికి తెచ్చుకోవడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఏ కొట్టుకో కల్యాణమండపానికో వెబ్ పేజీ చేయాలంటే పైన ఒడియా, కింద తెలుగు, అడ్రసు దగ్గర ఇంగ్లీషు, మూడూ పెట్టాల్సిందే. మన కంప్యూటర్లో బ్రహ్మాండంగానే ఉంటుంది. ఓనరు తన ఫోన్లో తెరిచి "తెలుగు ఇంత సన్నగా ఉందేంటి, వత్తులు తెగిపోయాయేంటి" అంటాడు.

బ్రౌజర్ని తిట్టేముందు అసలు అక్కడ ఏ ఫాంటు పడుతోందో చూడండి. క్రోమ్‌లో ఆ అక్షరాల మీద రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్, కంప్యూటెడ్ ట్యాబ్‌లో అట్టడుగున రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్పెక్టర్‌లో ఫాంట్స్ అని విడి ట్యాబే ఉంది. మీరు పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో ఏరియల్ అని రాసి వదిలేసి ఉంటారు, అందులో తెలుగూ లేదు ఒడియా లేదు, కాబట్టి ఎవరికి దొరికింది వాళ్లు వేసుకుంటారు: తెలుగుకైతే కొత్త విండోస్‌లో ఎక్కువగా నిర్మలా యూఐ, ఎక్స్‌పీ కాలం మెషీన్లలో గౌతమి, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో చాలావరకు నోటో. పైగా ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఒక్కో లిపికి విడిగా ఫాంటు పెట్టుకోవచ్చు, అందుకే ఒకే కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు రెండు రకాలుగా చూపించినా వింతేం లేదు.

అందుకని పేజీతో పాటు ఫాంటు మీరే పంపండి. అనేక్, నోటో అనే ఫాంటు కుటుంబాలు రెండింటిలోనూ తెలుగు, ఒడియా ఉన్నాయి, రెండు లిపులూ ఒకే చేతి రాతలా కలుస్తాయి. బోల్డ్ ఫైలు కూడా మర్చిపోకండి. మండలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లలో బోల్డ్ లేదు, హెడ్డింగ్‌కి బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతల్ని లావు చేసేస్తుంది, చిన్న సైజులో ఠ, థ పొట్టలో చుక్కలు పూడిపోతాయి. ఫాంట్ సింథసిస్ నన్ అని రాస్తే ఆ దొంగ బోల్డ్ ఆగుతుంది.

వత్తులు తెగడం వేరే గొడవ. లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, నార్మల్ అని వదిలేస్తే ఆ ఎత్తు ఫాంటు నుంచే వస్తుంది, ఫాంటు మారితే అదీ మారుతుంది. ఇంగ్లీషుకి అక్షరం సైజుకి 1.2 రెట్లు సరిపోవచ్చు, "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" లాంటి మాటలకి చాలదు. నేనైతే 1.7 పెడతాను, పక్కన పిక్సెల్ లేకుండా ఉత్త అంకె. బటన్‌కి ఎత్తు బిగించేసి బయటికి వచ్చింది దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టారేమో చూడండి, కత్తెర పడేది ఎక్కువగా అక్కడే. లెటర్ స్పేసింగ్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇక విండోస్‌లో కొంచెం పలచగా, మ్యాక్‌లో కొంచెం ముదురుగా కనిపించడం అంటారా, అది వదిలేయండి. అక్షరాల అంచుల్ని నునుపు చేసే పద్ధతి రెండింటిలో వేరు. నెట్‌లో దొరికే ఫాంట్ స్మూతింగ్ చిట్కా మ్యాక్‌లోనే పనిచేస్తుంది, మన దగ్గర కస్టమర్లలో మ్యాక్ ఉన్నవాళ్లు ఎంతమందని!

అక్షరాలే విడిపోతుంటే ఇలా పట్టుకోండి. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వత్తులు, గుణింతాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామ్‌నే వాడతాయి, సఫారీ యాపిల్ వాళ్ల కోర్ టెక్స్ట్ వాడుతుంది. మూడింట్లోనూ ఒకేలా విరిగితే ఫాంటుని అనుమానించండి, లేదా మీకొచ్చిన మేటర్‌ని. డీటీపీ షాపువాళ్లు అను ఫాంట్లలో కొట్టి ఇచ్చింది బ్రౌజర్లకు అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చకుండా పేస్ట్ చేస్తే ఏ బ్రౌజరూ ఏమీ చేయలేదు.