ఆఫీసు ఎక్స్ఛేంజీలో బయటి కాల్స్‌కు దారి వేయడం ఎలా?

ఒక చిన్న ఆఫీసులో ఎక్స్‌టెన్షన్లకు 101 నుంచి నంబర్లు ఇచ్చుకుంటూ పోయారు. ఎనిమిదోది అకౌంటెంటు గారిది: 108. అంటే ఎవరికైనా గుండెనొప్పి వచ్చి అంబులెన్సు కోసం డయల్ చేస్తే మోగేది ఆయన బల్ల మీది ఫోనే. ఆఫీసు ఎక్స్ఛేంజీని నడిపే సాఫ్ట్‌వేరు ఫ్రీపీబీఎక్స్ ముందు లోపలి నంబర్లను వెతికి, ఆ తర్వాతే బయటి దారుల వైపు చూస్తుంది. అందుకే ఎక్స్‌టెన్షన్లను 200 నుంచి మొదలుపెట్టండి. మిగతా పనంతా దీని తర్వాతే.

కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఒక కాగితం తీసుకోండి. మీ ఆఫీసు నుంచి వెళ్లే నంబర్ల రకాలన్నీ రాయండి: 112, 100, 101, 108, మొబైళ్లు, ఊళ్లోని ల్యాండ్‌లైన్లు, పొరుగూరి నంబర్లు, 1800తో మొదలయ్యేవి, విదేశాలవి. ప్రతి దాని పక్కన ఏ ట్రంకు (ఎక్స్ఛేంజీని బయటి ఫోన్ కంపెనీతో కలిపే లైను) మీదుగా పోవాలో, ఎవరికి అనుమతి ఉండాలో రాయండి. మన ఉదాహరణ హైదరాబాదులోని ఆఫీసు. ఒక పీఆర్ఐ లైను (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ టెలిఫోన్ లైను), దానికి తోడు ఒక సిప్ ట్రంకు (ఇంటర్నెట్ తరహా నెట్‌వర్క్ మీదుగా కాల్స్ పంపే లైను) ఉన్నాయనుకుందాం.

ఏ నంబరు ఏ దారిన పోవాలో ఎక్స్ఛేంజీకి నమూనాలతో చెప్పాలి. ఇప్పుడు ఆ నమూనాల భాష. ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు ఏ అంకె అయినా, జడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. చదరపు బ్రాకెట్లో మీరు కోరిన అంకెలే ఉంటాయి. కాబట్టి మొబైలు నమూనా [6-9], దాని వెనక తొమ్మిది ఎక్స్‌లు. హైదరాబాదు ల్యాండ్‌లైనుకు ఒక ఎన్, ఏడు ఎక్స్‌లు. విజయవాడ 0866 లాంటి వాటికి సున్నా, జడ్, తొమ్మిది ఎక్స్‌లు. చుక్క పెడితే ఆపైన ఎన్ని అంకెలున్నా సరే అని అర్థం. అన్నిటికీ ఒక్క చుక్క పెట్టి చేతులు దులుపుకునేవారిని చూశాను. ఎవరైనా ఒక ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్ కొట్టేస్తే, రాత్రికి రాత్రి ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ పారేది ఆ చుక్క గుండానే. విదేశాల నంబర్ల పొడవు ఒకేలా ఉండదు కనుక 00 తర్వాత చుక్క తప్పదు. ఆ దారికి మాత్రం పాస్‌వర్డ్ పెట్టండి.

కనెక్టివిటీ మెనూలో అవుట్‌బౌండ్ రూట్స్ తెరిచి, కాగితం మీది ఒక్కో రకానికి ఒక్కో రూటు చేర్చండి. ట్రంక్ సీక్వెన్స్‌లో మొదట పీఆర్ఐ, రెండోది సిప్. మొదటిది ఖాళీ లేకపోతే కాల్ రెండోదానికి మళ్లుతుంది. డయల్ ప్యాటర్న్స్‌లో తికమక పెట్టేవి రెండు గళ్లు. ప్రిఫిక్స్ గడిలో రాసింది నంబరు నుంచి తెగిపోతుంది, ప్రిపెండ్ గడిలో రాసింది ముందు చేరుతుంది. బయటి లైనుకు 9 నొక్కే అలవాటుంటే ప్రిఫిక్స్‌లో 9 రాయండి. అత్యవసర నంబర్లు మాత్రం 9 నొక్కినా, నొక్కకపోయినా కలవాలి. వాటిని రెండు విధాలా రాయండి.

ఇక ప్రిపెండ్. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైలుకు ముందు సున్నా తప్పనిసరి. దాన్ని ఇక్కడే చేర్చాలనిపిస్తుంది, కానీ ఆగండి. కొన్ని సిప్ ట్రంకులు నంబరును 91తో కోరతాయి. రూటులోనే సున్నా చేరిస్తే, పీఆర్ఐ నిండిన రోజున సిప్‌కు వెళ్లేది తప్పు నంబరు. అందుకే రూటులో 9 తీసేసి ఊరుకోండి. సున్నా, 91 చేర్చే పనిని ఆయా ట్రంకుల డయల్ నంబరు నియమాలకు వదిలేయండి.

రూట్లను పైనుంచి కిందికి చూస్తుంది కనుక అత్యవసరం అన్నిటికన్నా పైన, విదేశాలది అన్నిటికన్నా కింద ఉండాలి. సబ్మిట్ నొక్కాక పైన కనిపించే ఎర్రటి అప్లై కాన్ఫిగ్ మీటను మరిచిపోవద్దు.

పరీక్ష కోసం 112కు ఊరికే ఫోను చేయకండి. ఫ్రీపీబీఎక్స్ అడుగున కాల్స్ నడిపే ఆస్టరిస్క్ ప్రోగ్రాము కన్సోల్లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) డయల్‌ప్లాన్ షో ఆదేశం ఇచ్చి, నంబరు, @, ఫ్రమ్-ఇంటర్నల్ అని ఇంగ్లిషులో టైపు చేస్తే, కాల్ వెళ్లకుండానే ఏ రూటుకు తగులుతుందో తెలుస్తుంది. మిగతా రకాలకు నిజంగానే చేసి చూడండి. పీఆర్ఐ తీగ పీకి మరోసారి చేయండి. చివరగా రిసెప్షన్ ఫోను నుంచి పాస్‌వర్డ్ ఇవ్వకుండా 00 నంబరు కొట్టండి. అది కలవకపోతే పని పూర్తయినట్టే.