గ్యాస్ కొలిమి మొరాయిస్తే: రెగ్యులేటర్ తిప్పే ముందు చూడాల్సినవి

కొత్తగా గ్యాస్ కొలిమి కట్టుకున్నవాళ్లందరిదీ ఒకటే జబ్బు. వేడి చాలకపోతే రెగ్యులేటర్ తిప్పుతారు. మంట ఆరిపోతే తిప్పుతారు. పసుపు మంట వస్తే ఇంకాస్త తిప్పుతారు. మొదట్లో నేనూ అదే పని చేసి ఒక 19 కిలోల సిలిండర్‌ను గాలికి వదిలేశాను. బొగ్గు కొలిమి దగ్గర తిత్తి మన చేతిలోనే ఉంటుంది కాబట్టి గాలి ధ్యాస తప్పదు. గ్యాస్ కొలిమికి తిత్తి లేదు, అందుకే గాలి సంగతి మరిచిపోతాం.

నా కొలిమి కొలతలు చెబుతాను, మీదానితో పోల్చుకోండి. 250 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల పొడవున్న ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) పైపు ముక్క. లోపల వేడి బయటికి పోకుండా ఆపే 25 మిల్లీమీటర్ల సిరామిక్ ఉన్ని రెండు వరసలు, పైన మంటను తట్టుకునే రిఫ్రాక్టరీ పూత. మిగిలిన ఖాళీ దాదాపు ఐదు లీటర్లు. దానికి ఫ్యాన్ లేని ముప్పావు అంగుళం వెంచురి బర్నర్ (గ్యాస్ వేగంతోనే బయటి గాలిని లోపలికి లాక్కునేది) ఒక్కటి చాలు. జెట్‌గా, అంటే గ్యాస్ చిమ్మే సన్న రంధ్రంగా, మిగ్ వెల్డింగ్ టిప్ బిగించాను.

తలనొప్పి, కళ్లు తిరగడం, సాయంత్రానికి చలిజ్వరం

ఇక్కడ రిపేరు చేయాల్సింది కొలిమిని కాదు. ముందు గ్యాస్ కట్టేసి బయటికి రండి. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ కక్కుతుంది, దానికి వాసన ఉండదు. షట్టర్ సగం దించిన గదిలో కొలిమి పెట్టొద్దు. ఆరుబయట, లేదా రెండు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డులో పెట్టండి. చలిజ్వరం మాత్రం వేరే దారిలో వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే చేతికిచ్చేది జీఐ పైపు. దాని మీది జింకు పూత 907 డిగ్రీల దగ్గర ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బర్నర్ కొనకైనా, లోపల ఆనించే చువ్వకైనా జీఐ వాడొద్దు, నల్ల పైపు అడిగి తెచ్చుకోండి. తలనొప్పి తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మంట ఉంది, ఇనుము ఎర్రబడదు

సిలిండర్‌కు వంటింటి రెగ్యులేటరే తగిలించారా? అది ఇచ్చే ఒత్తిడి సుమారు 30 మిల్లీబార్లు. ఈ బర్నర్ గాలిని లోపలికి లాక్కోవాలంటే కనీసం దానికి పదింతలు, అంటే 0.3 బార్ కావాలి. గ్యాస్ కటింగ్ సామాన్లమ్మే షాపుల్లో ఎల్‌పీజీకి హై ప్రెషర్ రెగ్యులేటర్, గేజ్, దానికి తగిన గొట్టం దొరుకుతాయి. వంటింటి నారింజ రంగు గొట్టం ఈ ఒత్తిడికి పనికిరాదు. ఇంటి ఎర్ర సిలిండర్‌ను ఇలాంటి పనికి వాడటం చట్టరీత్యా కూడా తప్పే, కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. ప్రతి బిగింపు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

కొలిమి నోట్లోంచి మూరెడు పసుపు మంట

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. చూడ్డానికి భీకరంగా ఉంటుంది, లోపల మాత్రం కమాను పట్టీ ముక్క నారింజ రంగు దాటదు. మా ఊరి కమ్మరి బాబాయి ఒకసారి వచ్చి, కాసేపు చూసి, "అబ్బాయ్, మంట కడుపులో లేదురా, నోటి బయట ఉంది" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. లోపల గాలి చాలక మిగిలిన గ్యాస్ బయట గాలి దొరికాక మండుతోందన్నమాట.

మన దగ్గర ఇది తరచుగా రావడానికి ఒక కారణం ఉంది. మనం చూసి కట్టే ప్లాన్లు ఎక్కువగా అమెరికావి, అక్కడ వాడేది దాదాపు ప్రొపేన్. మన ఎల్‌పీజీలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే సుమారు 24 పాళ్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు 31 దాకా కావాలి. వాళ్ల కొలతలు అలాగే దించుకుంటే మనకు గాలి తక్కువ పడుతుంది.

వరసగా ఇలా చూడండి. చోక్ (బర్నర్‌లోకి గాలి వచ్చే దారిని తెరిచి మూసే మూత) పూర్తిగా తెరవండి. తగ్గలేదా, జెట్ మార్చండి: 1.0 మిల్లీమీటర్ టిప్ ఉంటే 0.8 పెట్టండి. అప్పటికీ పసుపే అయితే టిప్ కొనను రెండేసి మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి, ముందుకి జరిపి చూడండి, మంట ఎక్కడ నీలంగా బిగుస్తుందో అక్కడ ఆపండి. నేను ఆఖర్న పట్టుకున్న కారణం వేరు. వేడి పోకూడదని కొలిమి వెనక, ముందు ఇటుకలు పేర్చాను. పొగ పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగి బర్నర్ గాలి పీల్చలేకపోయింది. ఒక ఇటుక తీస్తే సగం పసుపు పోయింది.

బర్నర్‌ను చేత్తో పట్టుకుని బయట వెలిగించి సర్దుబాటు చేస్తే లాభం లేదు, కొలిమిలో పెట్టాక దాని తీరే మారుతుంది. చల్లటి కొలిమిలో మొదటి ఐదు పది నిమిషాలు మంట తడబడుతుంది, అప్పుడు దేన్నీ కదపకండి.

టప్ టప్ శబ్దం, మంట పైపులోకి దూరడం

బర్నర్ పైపు లోపలి నుంచి వచ్చే గ్యాస్, గాలి మిశ్రమం వేగం కంటే మంట వేగం ఎక్కువైతే మంట వెనక్కి నడుస్తుంది. వెంటనే గ్యాస్ కట్టేయండి. పైపు చల్లారాక, టిప్ సరిగ్గా నడిమధ్యకు గురిపెట్టి ఉందో లేదో చూడండి. కొంచెం వంకర ఉన్నా ఇదే తంతు. అది సరిగ్గా ఉంటే ఒత్తిడి తక్కువైందని లెక్క, రెగ్యులేటర్ పెంచడం న్యాయమైన సందర్భం ఇదొక్కటే. మళ్లీ వెలిగించే ముందు కొన్ని నిమిషాలు ఆగండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కొలిమి అడుగునా నేల మీదా పేరుకుని ఉంటుంది. మండే కాగితం ముందు పెట్టి, తర్వాతే గ్యాస్ తెరవండి. వెలిగించేటప్పుడు ముఖం కొలిమి నోటికి ఎదురుగా ఉండకూడదు.

ఇనుము మీద మందంగా పొలుసులు

ఇది గాలి ఎక్కువైన గుర్తు. చోక్ కొద్దికొద్దిగా మూయండి. నోటి దగ్గర బెత్తెడు మంట కనిపిస్తే సరిపోతుంది. కాస్త పొలుసు ఎలాగూ లేస్తుంది, వైర్ బ్రష్‌తో గీకి దాగలి మీద పెట్టండి.

అరగంటకు మంట నీరసించడం, సిలిండర్ మీద మంచు

ద్రవం ఆవిరవడానికి కావాల్సిన వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. అది చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. నాబ్ ఎంత తిప్పినా లోపల ఒత్తిడే లేదు. సిలిండర్‌ను నిలువుగానే, గోరువెచ్చటి నీళ్ల టబ్బులో అడుగు మునిగేలా ఉంచండి. మరిగే నీళ్లు పోయడం, కింద మంట పెట్టడం కలలో కూడా వద్దు.

ఉన్నికి గుంతలు పడటం

అతుకు వేయడానికి చల్లిన బోరాక్స్ కరిగి కారిన చోటల్లా సిరామిక్ ఉన్నిని వేడి నీళ్లు పంచదారను కరిగించినట్టు తినేస్తుంది. కొలిమి అడుగున హై అల్యూమినా ఇటుక పలక ఒకటి పరిస్తే, పాడైనప్పుడు దాన్నే మార్చుకోవచ్చు. పాత ఉన్ని పీకేటప్పుడు ముందు నీళ్లు చిలకరించి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. బాగా కాలిన ఉన్ని దుమ్ములో క్రిస్టోబలైట్ అనే సిలికా రకం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. మాస్క్ లేకపోతే ఆ పని మరో రోజుకు వాయిదా వేయండి.