మెయిల్‌లో వచ్చిన లింకు పట్టుకుని లోపలికి పోవద్దు

మన నల్లగొండ, పాలమూరు దిక్కు చాలామందికి జీమెయిల్ అంటే కొత్త ఫోన్ కొన్నప్పుడో, కానిస్టేబుల్ పోస్టుకు అప్లికేషన్ పెట్టినప్పుడో ఒకసారి తయారు చేయించుకుని మర్చిపోయేది. దాంట్లో ఏముంటదిలే, ఎవరు చూస్తే ఏమైతది అంటారు. ఒక్కసారి ఆలోచించండి, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకు ఎక్కడికి వస్తుంది? ఎల్ఐసీ రసీదు, డీమ్యాట్ స్టేట్‌మెంట్, పిల్లల హాల్ టికెట్, ఫోన్‌లో ఉన్న ఫోటోలు, కాంటాక్టులు, ఇవన్నీ ఏ అకౌంట్ కింద ఉన్నాయి? మెయిల్ ఒక్కటి దొంగ చేతికి చిక్కితే మిగతా వాటిలో ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కుకుంటూ ఒక్కొక్కటే తన పేరు మీదికి మార్చుకుంటాడు. అందుకే బ్యాంకు యాప్‌కు ఎంత జాగ్రత్త పడతారో మెయిల్‌కు అంతకంటే ఎక్కువ పడాలని గట్టిగా చెప్తున్నా.

ముందు ఆ అకౌంట్ నిజంగా మీ చేతిలో ఉందా లేదా చూసుకోండి. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, నెట్ సెంటర్ అబ్బాయి తొందరలో మీ పేరు రాసి పక్కన ఒకటి రెండు మూడు కొట్టి పాస్‌వర్డ్ పెడతాడు, దాన్నే అప్లికేషన్ ప్రింటు వెనకాల పెన్నుతో రాసిస్తాడు, రికవరీ నంబర్ అడిగితే మీ ఫోన్ ఆ టైమ్‌కు ఇంట్లో ఉంది కాబట్టి దుకాణం నంబరే కొడతాడు. అతని మనసులో ఏ చెడూ ఉండకపోవచ్చు. కానీ రికవరీ నంబర్ ఎవరి దగ్గర ఉందో అకౌంట్ వాళ్లదే. జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు మీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కి, గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి, సెక్యూరిటీ అన్న చోట రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ రెండూ మీవేనా చూడండి. అక్కడే మీ అకౌంట్ ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో లిస్టు కనిపిస్తుంది. గుర్తుపట్టలేనిది ఏదున్నా దాన్ని సైన్ అవుట్ చేయండి, ఆ వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అప్పుడు పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా మీ ఫోన్ లేకుండా లోపలికి రాలేడు. ఫోన్ పోతే పనికొచ్చేలా 8 అంకెల బ్యాకప్ కోడ్‌లు 10 ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల దగ్గర పెట్టండి, ఫోన్‌లో మాత్రం ఫోటో తీసి ఉంచుకోవద్దు. యాహూ, అవుట్‌లుక్ వాడేవాళ్లకు కూడా దాదాపు ఇలాంటి సౌకర్యాలే ఉన్నాయి, మెనూ పేర్లు, పద్ధతి కాస్త వేరు.

పాస్‌వర్డ్ ఎంత పొడుగుంటే అంత మంచిది. ఊరి పేరు, పిల్లల పుట్టినరోజు, బండి నంబర్ వద్దు, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. దాన్ని ఇంకెక్కడా వాడొద్దు. 2013లో యాహూ మీద జరిగిన దాడిలో ఆ కంపెనీ అకౌంట్లు మొత్తం, అంటే 300 కోట్ల వివరాలు బయటికి పోయాయి. ఇలా ఒక చోట దొరికిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్‌లను దొంగలు మిగతా వెబ్‌సైట్లలో వేసి చూస్తారు.

జిరాక్స్ షాపు సంగతి

ఇది మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అసలు లీకు ఇక్కడే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, దేవరకొండ బస్టాండ్ ముందైనా ఇదే తంతు: “అన్నా, ఆధార్ ప్రింట్ కావాలె, నీ మెయిల్ ఐడీ చెప్పు, పంపుతా” అంటాం, లేదంటే ఆ కంప్యూటర్‌లోనే మన జీమెయిల్ తెరిచి ప్రింట్ కొట్టించుకుని, పైసలిచ్చి, బస్సు వచ్చిందని ఉరుకుతాం. మొదటి పద్ధతిలో మన ఆధార్, పాన్, టెన్త్ మెమో ఆ షాపు మెయిల్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. రెండో పద్ధతిలో మన మెయిల్ మొత్తం ఆ కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది, తర్వాత వచ్చినవాడు ఏ లాగిన్ లేకుండా అందులో కూర్చోవచ్చు. ఇంకొకటి, డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనే ధీమా వద్దు. అది మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. మిమ్మల్ని కొద్దిగా తెలిసిన ఎవరికైనా దొరుకుతుంది.

వీలైతే పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోండి, ప్రింట్ అయ్యాక ఆ కంప్యూటర్‌లో ఫైల్ డిలీట్ చేయించి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. పూర్తి నంబర్ అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. తప్పక షాపులో మెయిల్ తెరవాల్సి వస్తే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మూసేస్తే లాగిన్ గుర్తుపెట్టుకోనిది) తెరిపించుకోండి, పని కాగానే లాగౌట్ చేసి ఆ విండో మూసేయండి. మర్చిపోయి ఇంటికొచ్చేస్తే టెన్షన్ పడక్కర్లేదు, పైన చెప్పిన డివైసుల లిస్టులోకి పోయి మీ ఫోన్ నుంచే ఆ కంప్యూటర్‌ను సైన్ అవుట్ చేయొచ్చు.

వచ్చిన మెయిల్ అసలుదా, దొంగదా

ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పంపినవాళ్ల పేరు ఒక్కటే కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ‘ఇన్‌కం ట్యాక్స్ డిపార్ట్‌మెంట్’ అని కూడా. జీమెయిల్‌లో ఆ పేరు కింద ‘టు మీ’ అన్నచోట నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది, చూడాల్సింది దాన్నే. అడ్రస్‌ను చివరి నుంచి వెనక్కి చదవండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలవి సాధారణంగా ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్’ అని ముగుస్తాయి. ‘ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’ అని మొదలై, దాని వెనకాల ఇంకేదో పేరు వచ్చి ‘డాట్ టాప్’ అని ముగిస్తే అది ప్రభుత్వానిది కాదు, చివర ఉన్న ఆ పేరుగలవాడిది. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబర్ 31 నాటికి ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ కిందికి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, ఆ పేర్లను కేటాయించేది మన హైదరాబాద్‌లోనే ఉన్న, రిజర్వు బ్యాంకు స్థాపించిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. ఇక్కడ ఒక్క చుక్క దగ్గర మోసపోతారు: చివర ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉండి, బ్యాంక్ అన్న మాటకు ముందు డాట్ ఉంటే అసలుది, డాట్ బదులు అడ్డగీత ఉంటే అది ఎవరైనా కొనుక్కోగల పేరు. అట్లాగే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది, ఎల్ ఉండాల్సిన చోట అంకె ఒకటి పెడితే ఫోన్ స్క్రీన్ మీద అసలు తేడా తెలియదు.

ఇన్ని చూసినా కొన్ని దాటిపోతాయి. అందుకే నేను పాటించే పద్ధతి, మీకూ చెప్పేది ఒక్కటే: మెయిల్‌లో ఉన్న లింకుతో ఎక్కడికీ లాగిన్ కావద్దు. రీఫండ్ వచ్చింది అంటే నమ్మొద్దు, కాదనొద్దు కూడా. మెయిల్ మూసి, బ్రౌజర్‌లో ఇన్‌కం ట్యాక్స్ వెబ్‌సైట్ అడ్రస్ మీరే కొట్టి లాగిన్ అయి చూడండి. నిజంగా రీఫండ్ ఉంటే అక్కడ కనిపిస్తుంది, మీరు ముందే వాలిడేట్ చేసుకున్న బ్యాంకు ఖాతాలోకే పడుతుంది. దానికి కార్డు నంబర్, పిన్, ఓటీపీ ఎవరూ మెయిల్‌లో అడగరు. పీఎం కిసాన్ కేవైసీ ఆగింది, ఖాతా బ్లాక్ అయింది, కరెంటు కట్ చేస్తున్నాం, పార్సిల్ కస్టమ్స్‌లో ఇరుక్కుంది, ఏది వచ్చినా ఇదే పద్ధతి. పాస్‌వర్డ్‌ను క్రోమ్‌లో సేవ్ చేసుకునేవాళ్లకు ఇంకో ఆనవాలు ఉంది. రోజూ దానంతట అదే పడే పాస్‌వర్డ్ ఈరోజు ఆ పేజీలో పడలేదంటే చేత్తో కొట్టకండి, పేజీ అడ్రస్ చూడండి. మీ కంటికి ఒకేలా కనిపించినా బ్రౌజర్‌కు ఆ అడ్రస్ వేరని తెలుసు.

అటాచ్‌మెంట్లలో జిప్, హెచ్‌టీఎంఎల్, ఈఎక్స్ఈ, ఏపీకే (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే తెరవొద్దు. చలానా ఏపీకే ఫైల్‌లో రాదు, పెళ్లి పత్రిక కూడా రాదు.

మిల్లులు, దుకాణాలవాళ్లకు

మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ విడిభాగాల కోసం కోయంబత్తూరు కంపెనీతో మెయిల్‌లో బేరమాడుతున్నాడనుకుందాం. ధర కుదిరింది, ఇన్వాయిస్ వచ్చింది. మర్నాడు అదే మెయిల్ కింద ఇంకోటి వస్తుంది, “ఆడిట్ నడుస్తోంది, పాత ఖాతా వాడొద్దు, ఈ కొత్త ఖాతాకు ఆర్‌టీజీఎస్ చేయండి” అని. అదే లోగో, అదే సంతకం, ముందు రాసుకున్న మాటలన్నీ కిందనే ఉన్నాయి. కొన్నిసార్లు అడ్రస్ కూడా అసలుదే, ఎందుకంటే ఆ కంపెనీవాళ్ల మెయిలే దొంగ చేతిలో ఉంటుంది, వాడు రోజుల తరబడి బేరం చదువుతూ డబ్బు కట్టే రోజు కోసం కాచుకుని కూర్చుంటాడు. అంటే అడ్రస్ చూస్తే సరిపోదు. ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేయాల్సిందే, అదీ ఆ మెయిల్‌లో రాసిన నంబర్‌కు కాదు, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేముందు ఖాతాదారు పేరు కనిపించే సౌకర్యం పెట్టాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 గడువు ఇచ్చింది, ఆ పేరు చదవకుండా ఓకే కొట్టొద్దు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఎవరో ఒక మనిషి పేరు కనిపిస్తే అక్కడికక్కడే ఆపేయండి.

పోచంపల్లి, నారాయణపేట, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ‘పెద్ద ఆర్డర్’ మెయిళ్లు వస్తాయి, ఎక్కువ డబ్బు పంపాం, మిగిలింది తిరిగి పంపండి అని రసీదు ఫోటో పెడతారు. మీ ఖాతాలో పడిందా లేదా చూసేది స్టేట్‌మెంట్‌లో, రసీదు ఫోటోలో కాదు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు.

ఉద్యోగాలు, బెదిరింపులు

ఎంజీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో చదువు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకు ఆఫర్ లెటర్లు వస్తున్నాయి, ఇంటర్వ్యూ కూడా లేకుండా. కంపెనీ పేరు పెద్దది, మెయిల్ మాత్రం మామూలు జీమెయిల్ నుంచి. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, వెరిఫికేషన్ చార్జీ అని అడిగితే అది ఉద్యోగం కాదు. తల్లిదండ్రులు అప్పు తెచ్చి కట్టేముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి. ఈ మోసం మీద నాకు ఎక్కువ కోపం, ఎందుకంటే పోయేది ఏమీ లేనివాళ్ల డబ్బు.

ఇంకో రకం భయపెట్టేవి. “నీ కెమెరా హ్యాక్ చేశాం, వీడియో ఉంది, బిట్‌కాయిన్ పంపు” అని, నమ్మకం కోసం మీ పాత పాస్‌వర్డ్ కూడా రాస్తారు. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో లీకైన లిస్టులోనిది, ఇలాంటి మెయిల్‌ను ఒకేసారి లక్షల మందికి పంపుతారు, దాదాపు ఎప్పుడూ వీడియో ఏదీ ఉండదు. జవాబివ్వొద్దు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చేయండి. సీబీఐ, పోలీసు ముద్రలతో వచ్చే పీడీఎఫ్ నోటీసులు కూడా ఇట్లాంటివే. వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో లేదు. అనుమానం పోకపోతే ఆ కాగితం పట్టుకుని దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోయి అడగండి, మెయిల్‌లో ఉన్న నంబర్‌కు మాత్రం చేయొద్దు.

మామూలు చెత్త మెయిళ్లు డిలీట్ చేస్తే మళ్లీ వస్తాయి, ‘రిపోర్ట్ స్పామ్’ కొడితే జీమెయిల్ నేర్చుకుంటుంది. పాస్‌వర్డ్ దొంగిలించేవి అనిపిస్తే మూడు చుక్కల మెనూలో ‘రిపోర్ట్ ఫిషింగ్’ ఉంది, కంప్యూటర్‌లో తెరిస్తే కనిపిస్తుంది. మీరు నిజంగా ఎప్పుడో కొన్న షాపువి అయితే అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి, తెలియనివాళ్లవి అయితే ఆ బటన్ జోలికి పోవద్దు, ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాళ్లకు మనమే చెప్పినట్టు అవుతుంది. వారానికోసారి స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి, ఇంటర్వ్యూ మెయిళ్లు ఒక్కోసారి అందులో పడతాయి, 30 రోజులకు వాటంతటవే పోతాయి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడుతూ, ఇంట్లో ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. మొదటి గంటల్లో చెప్తే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారకముందే ఆపించే అవకాశం ఉంటుంది. తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మీరే ఓటీపీ చెప్పి పోయిన సొమ్ముకు బాధ్యత మీదే అయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయేదానికి బాధ్యత బ్యాంకుదని 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది, అందుకే ఫిర్యాదు చేసిన టైమ్ రాసుకోవడం ముఖ్యం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా రాతపూర్వకంగా పెట్టండి.

డబ్బు పోకుండా పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి ఉంటే వేరే ఫోన్ నుంచి వెంటనే మార్చి, అన్ని డివైసులనూ సైన్ అవుట్ చేయండి. ఆ తర్వాత చాలామంది చూడని చోటు ఒకటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ రెండూ చూడండి. దొంగ లోపలికి వచ్చినప్పుడు మీ మెయిళ్లన్నీ తనకు కూడా వచ్చేట్టు ఫార్వార్డింగ్ పెట్టుకుంటాడు, బ్యాంకు నుంచి వచ్చే అలర్టులు మీకు కనపడకుండా నేరుగా ట్రాష్‌లో పడేలా ఫిల్టర్ రాస్తాడు. పాస్‌వర్డ్ మార్చినా అవి అలాగే ఉంటాయి, మీరే తీసేయాలి.

మోసం చేసిన మెయిల్‌ను కోపంలో డిలీట్ చేయకండి. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కల్లో ‘షో ఒరిజినల్’ నొక్కితే అది ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో మొత్తం కనిపిస్తుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. స్టేషన్‌కు పోయేటప్పుడు ఆ ఫైల్, మెయిల్ ప్రింటు, బ్యాంక్ స్టేట్‌మెంట్, 1930 వాళ్లు ఇచ్చిన నంబర్ అన్నీ ఒకే కవర్‌లో పెట్టుకుని పోండి.