ట్యూబుతో ఆహారం, నాలుగో పాఠం: జావ పలుచబడాలి, బలం తగ్గకూడదు

సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కి నెలకోసారి చెన్నైకి వచ్చే ఒక తల్లి పోయిన వారం మా ఇంటికి వచ్చింది. బాబుకు ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేని స్థితి). పొట్టకు ట్యూబు వేసి మూడు నెలలైంది. "అక్కా, రోజుకు ఆరు గ్లాసుల రాగిజావ పోస్తున్నాను. ఒక్క చుక్క కక్కడం లేదు. అయినా ఎముకలు బయటికే కనిపిస్తున్నాయి" అని కళ్లు తుడుచుకుంది. జావ ఎలా కాస్తున్నావని అడిగాను. ట్యూబులో దిగాలి కాబట్టి గ్లాసు నీళ్లకు రెండు నిండు చెంచాల పిండి వేస్తోంది. పాలు అరగవేమోనని మానేసింది.

ఇద్దరం లెక్క వేశాం. రెండు నిండు చెంచాలంటే సుమారు 10 గ్రాముల పిండి, అంటే 32 కేలరీలు. ఆరు గ్లాసులూ కలిపినా 200 దాటడం లేదు. ట్యూబు కోసం తయారుచేసే డబ్బా ఫీడు మామూలుగా మిల్లీలీటరుకు 1 కేలరీ ఇస్తుంది. గ్లాసు 200 మి.లీ. అనుకుంటే, అదే ఆరు గ్లాసులు డబ్బా ఫీడయితే 1200. బాబు పొట్ట రోజూ నిండింది, కానీ నిండింది నీళ్లతో. నేనూ మా పాప విషయంలో ఏడాది పాటు ఇదే చేశాను. అందుకే ఈ పాఠం మొత్తం జావ చిక్కదనానికే కేటాయిస్తున్నాను.

ముందు ఒక హద్దు. ట్యూబు సైజు అంకెను మూడుతో భాగిస్తే దాని వెలుపలి మందం మిల్లీమీటర్లలో వస్తుంది. 8 సైజు ముక్కు ట్యూబు 2.7 మిల్లీమీటర్లే, లోపలి దారి ఇంకా సన్నం. అందులో ఇంటి జావ పోయకండి, మూసుకుపోతుంది. ఈ పాఠం 14 సైజు, అంతకన్నా పెద్ద పొట్ట ట్యూబు ఉన్నవారికి.

పిండి ఉడికినప్పుడు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. చల్లారేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. దాన్ని పలుచన చేయడానికి మనం నీళ్లు కలుపుతాం, బలం అక్కడే పోతుంది. నీళ్లు కలపకుండా పలుచన చేసే ఉపాయం మొలకెత్తిన గింజలో ఉంది. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా కోసేస్తుంది.

రాగులు (ఇక్కడి కొట్లలో కేళ్వరగు అని అడగండి) ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, ఒకటి రెండు రోజులు మొలకెత్తనివ్వండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి. బాగా ఎండబెట్టి, మొలకలు నలిపి తీసేసి, పిండి పట్టించండి. ఎర్రగా వేయించకండి, ఎక్కువ వేడికి ఎంజైము చచ్చిపోతుంది. కొన్న మొలకరాగి పిండి పనిచేయకపోతే కారణం ఈ వేయింపే కావచ్చు.

ఇక జావ. 100 మి.లీ. నీళ్లు, 100 మి.లీ. పాలలో 20 గ్రాముల మామూలు రాగిపిండి వేసి బాగా ఉడికించండి. ముద్దలా అవుతుంది, కంగారుపడకండి. దింపి ఐదు నిమిషాలు ఆగి, ఇంకా వేడిగా ఉండగానే ఒక చిన్న చెంచా మొలకపిండి కలపండి. మరిగేటప్పుడు వేస్తే ఫలితం ఉండదు. పది నిమిషాల్లో గరిట నుంచి ధారగా జారుతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణం సంతోషమే. అప్పుడు మళ్లీ ఒక పొంగు రానివ్వండి, మొలకపిండిలోని క్రిములు చావాలి. చివరగా ఒక చిన్న చెంచా నూనె కలిపి బాగా గిలకొట్టి, సన్నని గుడ్డతో వడకట్టండి. గ్లాసుకు సుమారు 170 కేలరీలు వస్తాయి.

ఈ మార్పు ఒక్కరోజులో చేయకండి. చాలాకాలం చిక్కిపోయిన బిడ్డకు బలం ఒక్కసారిగా పెంచితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు. మీ డాక్టరుకు, డైటీషియనుకు పాత కొలత, కొత్త కొలత రెండూ చూపించి, వాళ్లు చెప్పిన క్రమంలోనే పెంచండి. జావ ఒక్కటే సరిపోదు కూడా. పప్పు, కూరగాయలు, ఇనుము, డి విటమిను సంగతి వాళ్లనే అడగాలి. నడవలేని పిల్లలకు తోటివారికన్నా తక్కువ కేలరీలు చాలు, కాబట్టి బరువు మితిమీరడం కూడా చూసుకోవాలి.

బిడ్డకు పోసేముందు గిన్నె మీద పరీక్షించండి. అదే సైజు కొత్త ట్యూబుకు పిడి (లోపలికి నెట్టే కడ్డీ) తీసిన సిరంజి తగిలించి జావ పోయండి. దానంతటదే దిగితే సరే. ఎప్పుడూ పిడితో నెట్టకండి. దిగకపోతే మళ్లీ వడకట్టండి.

పోసేటప్పుడు బిడ్డ తల, వీపు 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి, తర్వాత అరగంట కూడా అలాగే. ఒక ఫీడు 15–20 నిమిషాలు పట్టాలి. వేగం ఎక్కువైతే సిరంజిని దించండి. దగ్గు, ఎగశ్వాస కనిపిస్తే ఆపేయండి. ముందూ వెనకా డాక్టరు చెప్పినన్ని కాచి చల్లార్చిన నీళ్లు పోయడం మానకండి.

చెన్నై ఎండల్లో ఈ జావ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. మధ్యాహ్నానికి మళ్లీ కాయండి.

ఈ వారం పిండి, పాలు, నూనె కొలతలు ప్రతి ఫీడుకూ ఒక నోటుపుస్తకంలో రాయండి. మీరు ఎత్తుకుని తూకం ఎక్కి, మీ బరువు తీసేసి, బిడ్డ బరువు కూడా అందులోనే రాయండి. నిలబడలేని బిడ్డ ఎత్తును మోకాలి కొలతతో లెక్కించడం ఐదో పాఠం, దానికి ఆ పుస్తకం కావాలి.