బిగుసుకున్న వాల్వ్‌కు ఎంత టార్క్ కావాలి? స్ట్రెయిన్ గేజ్ సెన్సర్‌తో ఇలా కొలవండి

వాల్వ్ తెరవడానికి ఎంత బలం పడుతుందని హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో ఏ ఫిట్టర్‌ని అడిగినా "పానాకు పైపు తొడిగితే వచ్చేస్తది సార్" అంటాడు. చేత్తో తిప్పుకునేవాళ్లకు ఆ జవాబు చాలు. అదే వాల్వ్ మీద మోటారు బిగించాలంటే మాత్రం టార్క్, అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో ఒక అంకెగా కావాలి. తక్కువ అంచనాతో మోటారు కొంటే వాల్వ్ కదలదు. ఎక్కువ అంచనాతో కొంటే డబ్బు దండగ, ఒక్కోసారి వాల్వ్‌ను తిప్పే కడ్డీ, అంటే స్పిండిలే తెగుతుంది.

ఇక్కడ షాఫ్ట్ గిరగిరా తిరగదు, ఉన్నచోటే మెలిపడుతుంది. దీన్నే స్టాటిక్ టార్క్ అంటారు. మందుసీసా మూత తెరిచే బలం, బోల్టు బిగింపు కూడా ఈ కోవలోవే. తిరిగే షాఫ్ట్ అయితే సిగ్నల్ బయటికి తేవడానికి స్లిప్ రింగులు (తిరుగుతూనే కరెంటు అందించే రింగులు) గానీ, వైర్‌లెస్ పరికరం గానీ పెట్టాలి. స్టాటిక్ టార్క్‌కు మామూలు కేబుల్ సరిపోతుంది, ఖర్చూ తక్కువే.

సెన్సర్ లోపల ఏముందో తెలియాలంటే ఒక చాక్‌పీసు తీసుకుని రెండు చేతులతో మెలిపెట్టండి. అది అడ్డంగా విరగదు, 45 డిగ్రీల వాలులో మరలాగా విరుగుతుంది. మెలిపెట్టినప్పుడు ఎక్కువ సాగేది ఆ వాలులోనే, దానికి అడ్డంగా ఉన్న వాలులో నొక్కుకుపోతుంది. అందుకే టార్క్ సెన్సర్‌లోని ఉక్కు కడ్డీ మీద స్ట్రెయిన్ గేజ్‌లను సరిగ్గా 45 డిగ్రీల్లో అతికిస్తారు. గేజ్ అంటే పలుచని లోహపు రేకుతో చేసిన తీగ. సాగితే దాని నిరోధం పెరుగుతుంది, నొక్కుకుంటే తగ్గుతుంది. సాగేవి రెండు, నొక్కుకునేవి రెండు కలిపి వీట్‌స్టన్ బ్రిడ్జిగా (నిరోధంలో చిన్న మార్పును వోల్టేజీగా చూపే నాలుగు నిరోధాల సర్క్యూట్‌గా) కడతారు. వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ సెన్సర్‌కు (ఇచ్చిన ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్టులు వచ్చేదానికి) 10 వోల్టులు ఇస్తే, పూర్తి లోడు దగ్గర చేతికొచ్చేది 20 మిల్లీవోల్టులే.

రేంజ్ ఎంచుకోవడం

40 సెంటీమీటర్ల పానా చివర మనిషి 30 కిలోల బరువంత బలంతో లాగాడనుకోండి. 30 × 9.78 × 0.4, అంటే సుమారు 117 న్యూటన్ మీటర్లు (9.78 ఇక్కడి గురుత్వం, దాని సంగతి కింద చెప్తాను). దీనికి 200 న్యూటన్ మీటర్ల రేంజ్ ఉన్న సెన్సర్ సరైనది. "ఎందుకైనా మంచిది, 1000 తీసుకుందాం" అనకండి. పొరపాటును పూర్తి రేంజ్‌లో శాతంగా చెప్తారు. 0.2 శాతం అంటే 200 సెన్సర్‌లో 0.4 న్యూటన్ మీటర్లు, 1000 సెన్సర్‌లో ఏకంగా 2.

బిగించడం

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మేమూ తిన్నాం. వాల్వ్ స్పిండిల్ మీద సెన్సర్, దాని మీద మామూలు పానా పెట్టి లాగాం. ఎడమవైపు నిలబడి లాగితే ఒక అంకె, కుడివైపు నుంచి లాగితే ఇంకో అంకె. ఆ పూటంతా సెన్సర్‌నే తిట్టుకున్నాం. దాని తప్పేం లేదు. ఒకవైపే లాగితే మెలికతో పాటు వంపు కూడా పడుతుంది. బ్రిడ్జి ఆ వంపును చాలావరకు కొట్టేస్తుంది గానీ, పూర్తిగా కాదు. టీ ఆకారం హ్యాండిల్ చేయించి, రెండు చేతులతో ఒకటి లాగుతూ ఒకటి తోస్తూ తిప్పాక గొడవ తీరింది.

స్పిండిల్, సెన్సర్, హ్యాండిల్ మూడూ ఒకే గీతలో ఉండాలి. ఫ్లాంజ్ రకమైతే ముఖాలు తుడిచి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. సరిపడలేదని సుత్తితో కొట్టవద్దు. ఒక్క దెబ్బకు జీరో, అంటే లోడు లేనప్పటి రీడింగ్, శాశ్వతంగా జరిగిపోవచ్చు.

వైర్లు

కరెంటు ఇవ్వకముందే మల్టీమీటర్‌తో చూసుకోండి. 350 ఓమ్‌ల బ్రిడ్జిలో సిగ్నల్ తెచ్చే వైర్ల జంట మధ్య 350 ఓమ్‌లు, కరెంటు ఇచ్చే సప్లై జంట మధ్య అంతే లేదా కాస్త ఎక్కువ రావాలి. సప్లై వైరుకూ సిగ్నల్ వైరుకూ మధ్య 262 దగ్గర్లో ఉండాలి. ఇవి తేడాగా వస్తే గేజ్ పోయిందనో, వైరు తెగిందనో అనుమానించాలి. వైరు రంగులు కంపెనీని బట్టి మారతాయి, కాబట్టి సెన్సర్‌తో వచ్చిన కాగితాన్నే నమ్మండి. ఇన్సులేషన్ చూద్దామని 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) మాత్రం పెట్టకండి, గేజ్‌లు పాడవుతాయి. సెన్సర్ కేబుల్‌ను వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) కేబుళ్లకు దూరంగా లాగితే అంకెలు గెంతవు.

తూకం రాళ్లతో సరిచూడటం

కరెంటు ఇచ్చాక అరగంట ఆగండి. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎండ ముదిరేకొద్దీ జీరో నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి కొలిచే వేళలోనే జీరో చేసుకోవాలి, అదీ లోడు లేనప్పుడు.

సెన్సర్ ఒక కొసను బల్లకు గట్టిగా బిగించి, రెండో కొసకు చేయి, అంటే అడ్డంగా నిలిచే కడ్డీ తగిలించి, దాని చివర రాళ్లు వేలాడదీయండి. వేలాడే బరువు కూడా సెన్సర్‌ను పక్కకు వంచుతుంది. అందుకే చేయి పక్కనే ఒక మంచి బేరింగ్ ఆధారం పెట్టుకోవాలి. అరమీటరు చేతికి 20 కిలోలు కడితే 20 × 9.78 × 0.5, అంటే 97.8 న్యూటన్ మీటర్లు.

పుస్తకంలో 9.81 అని ఉంటుంది కదా అంటారేమో. భూమధ్యరేఖకు దగ్గరగా, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో గురుత్వం సుమారు 9.78. తేడా 0.3 శాతం. సెన్సర్ పొరపాటే 0.2 అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు. చేయి అడ్డంగా, సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి. 5 డిగ్రీలు వాలినా 0.4 శాతం తగ్గిపోతుంది.

ముందు మూడుసార్లు పూర్తి లోడు ఎక్కించి దించండి. ఆ తర్వాత రాళ్లు ఒక్కొక్కటి పెంచుతూ, తిరిగి తగ్గిస్తూ అంకెలు రాసుకోండి. వాల్వ్ రెండువైపులా తిరుగుతుంది కాబట్టి అటూ ఇటూ చేయాలి. ఆడిట్‌కు చూపించాలంటే మాత్రం ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్ కావాల్సిందే.

అసలు రీడింగ్

డిస్‌ప్లేలో పీక్ హోల్డ్ (అత్యధిక రీడింగ్‌ను పట్టి ఉంచేది) ఆన్ చేసి, హ్యాండిల్‌ను కుదుపు లేకుండా నెమ్మదిగా తిప్పండి. బిగుసుకున్న వాల్వ్ కదిలే ఆ క్షణంలోనే టార్క్ శిఖరానికి చేరి వెంటనే పడిపోతుంది. సెకనుకు 10 రీడింగులు తీసే మీటర్‌కు అది చిక్కకపోవచ్చు. బ్రిడ్జి సిగ్నల్‌ను అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్‌తో మీటర్ సొంతంగా చేసుకునేవాళ్లు దాన్ని సెకనుకు 80కి మార్చుకోవాలి. అది కూడా నెమ్మదిగా తిప్పితేనే పనికొస్తుంది.

మూడుసార్లు తీసి సగటు కడదామని నేను మొదలుపెడితే, పక్కన నిలబడ్డ మా పెద్ద ఫిట్టర్ ఆపాడు. "సార్, ఒక్కసారి తిరిగినంక అది లూజ్ అయితది. ముందుగ వచ్చిందే అసలుది." నిజమే. నెలల తరబడి కదలని వాల్వ్‌ను మోటారు తెరవాల్సింది మొదటిసారే. ఆ మొదటి పీక్‌ను విడిగా రాసి, మిగతావాటిని నడిచే టార్క్‌గా వేరే వరుసలో పెట్టండి.

హ్యాండిల్ తీసేశాక ఖాళీ సెన్సర్ రీడింగ్ మళ్లీ చూడండి. అది మొదటి జీరోకు దగ్గరగా రాకపోతే ఎక్కడో లోడు మించింది, లేదా బిగింపు కదిలిపోయింది. ఆ రోజు అంకెలన్నీ కొట్టేసి, మళ్లీ రాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.