మేడమీద ఉక్క, హాల్లో వణుకు: డక్టబుల్ ఏసీలో డాంపర్లు సరిచేసుకోవడం ఎలా

చెన్నైలో ఓఎంఆర్, ఈసీఆర్ వైపు డూప్లెక్సుల్లో గదికో స్ప్లిట్ ఏసీ కాకుండా ఇల్లంతటికీ కలిపి డక్టబుల్ ఏసీ పెట్టించుకున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. చూడటానికి బాగానే ఉంటుంది, గోడమీద డబ్బా కనపడదు, ఫాల్స్ సీలింగులోంచి చల్లగా గాలి వస్తుంది. కత్తిరి ఎండలు మొదలయ్యాక తెలుస్తుంది అసలు సంగతి. హాల్లో కూర్చున్నవాళ్లు దుప్పటి కప్పుకుంటారు, మేడమీద పడమటి గదిలో ఉన్నవాళ్లకి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మెకానిక్కుని పిలిస్తే సీలింగువైపు తలెత్తి చూడకుండానే "గ్యాస్ పోట్టా సరియాయిడుం సార్" అంటాడు, అంటే గ్యాస్ నింపితే అంతా సర్దుకుంటుందని.

సర్దుకోదు. గ్యాస్ తక్కువైతే ఇల్లంతా చల్లబడటం తగ్గుతుంది, అంతేగాని ఒక గది వణికిస్తూ ఇంకో గది ఉడికించదు. అనుమానముంటే మామూలు థర్మామీటరు ఒకటి తీసుకోండి. ఏసీ లోపలికి గాలి లాక్కునే రిటర్న్ గ్రిల్ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే గ్రిల్ దగ్గర ఒకసారి చూడండి. రెండిటికీ తేడా సుమారు 8 నుంచి 11 డిగ్రీలుంటే మెషీన్ తన పని తాను చేస్తున్నట్టే. లోపం పంపకంలో ఉంది. ఆ పంపకం చూసేది డాంపర్లు.

డాంపర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. డక్టు (గాలి వెళ్లే గొట్టం) లోపల ఒక రేకు పలక, దాని మధ్యలోంచి ఒక ఇరుసు, బయట ఒక చిన్న పిడి. పిడి తిప్పితే పలక గాలికి అడ్డం తిరుగుతుంది. ఇది చల్లదనాన్ని పుట్టించదు, ఉన్న గాలిని పంచుతుంది, అంతే. కాలువ కింద సేద్యం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఎగువ తూములన్నీ బార్లా తెరిచి ఉంటే శివారు పొలానికి నీళ్లందవు, శివారు రైతు తన తూము ఎంత ఎత్తినా లాభం లేదు, పైవాళ్లు కాస్త దించాలి. మీ మేడమీది పడమటి గది శివారు పొలం. కాబట్టి ఉడికిపోతున్న గదిలో నిలబడి దాని గ్రిల్‌ను అటూ ఇటూ తిప్పడం మానేసి, ఎక్కువ చల్లబడుతున్న గదుల డాంపర్లు వెతకండి.

ఎక్కడుంటాయంటే, ఇండోర్ యూనిట్ పెట్టిన చోట (ఎక్కువగా బాత్రూము పైన, లేదా వరండా సీలింగులో) ఒక ట్రాప్ డోర్ ఉంటుంది. అది తెరిస్తే యూనిట్లోంచి పెద్ద డక్టు, దాన్నుంచి గదిగదికీ చీలిన చిన్న డక్టులు కనపడతాయి. చీలిక మొదట్లో పిడి, దానిమీద రెక్కల నట్టు ఉంటే అదే. మామూలుగా పిడి డక్టు పొడవునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కానీ పిడిని గుడ్డిగా నమ్మొద్దు. సముద్రపు గాలికి ఇక్కడ జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) కూడా తుప్పు పడుతుంది, పిడి తిరుగుతుంది గాని లోపల పలక కదలదు. చాలా డాంపర్లకి ఇరుసు చివర స్క్రూ తలమీద ఉన్నట్టు ఒక గాడి ఉంటుంది, పలక ఎటు తిరిగి ఉందో ఆ గాడి చెబుతుంది. టార్చి వేసి అది చూడండి. బిగుసుకుపోతే ఒక చుక్క నూనె వేసి కాసేపు ఆగండి. కటింగ్ ప్లయరుతో బలవంతం చేస్తే పిడి చేతిలోకి వస్తుంది, ఆ తర్వాత డక్టు విప్పాల్సిందే.

కొన్ని ఇళ్లలో కాంట్రాక్టరు ఖర్చు మిగుల్చుకుని చీలిక దగ్గర డాంపర్లు పెట్టడు, గ్రిల్ వెనకాల మాత్రం చిన్న రెక్కల డాంపర్ పెడతాడు. గ్రిల్ సందులోంచి స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని తిప్పొచ్చు. పని చేస్తుంది గాని బాగా మూస్తే నిద్రపోతున్నవాళ్ల నెత్తిమీద ఈల వేసినట్టు చప్పుడొస్తుంది. గాలిని గదికి దూరంగా, చీలిక దగ్గర తగ్గిస్తేనే చప్పుడు తక్కువ.

డాంపర్ ముట్టుకునే ముందు రెండు చూడాలి. ఒకటి ఫిల్టరు, కడిగి పెట్టండి. రెండోది చాలామంది పట్టించుకోనిది: రిటర్న్ గ్రిల్ హాల్లో ఒక్కటే ఉండి, పడకగది తలుపు మూస్తే, లోపలికి వచ్చిన గాలి బయటికి పోయే దారి ఉండదు. పోయే దారి లేకపోతే వచ్చేదీ తగ్గుతుంది. తలుపు ఓరగా తీసి పెట్టి అరగంట చూడండి. గది చల్లబడిందా, అయితే డాంపర్ని వదిలేసి వడ్రంగిని పిలిచి తలుపు కింద రెండు సెంటీమీటర్లు కోయించండి.

ఇక అసలు పని. పడమటి గదికి బాధ సాయంత్రమే కాబట్టి ఆ వేళకే పెట్టుకోండి. ఇప్పుడున్న పిడి స్థానాలు మార్కరుతో డక్టుమీద గీయండి, ఫోటో కూడా తీయండి. తర్వాత అన్ని డాంపర్లూ పూర్తిగా తెరిచి, థర్మోస్టాట్ 24 లేదా 25 మీద పెట్టి గంటసేపు నడవనివ్వండి. ఇప్పుడు ప్రతి గ్రిల్ దగ్గరా గాలి వేగం చూడాలి. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను లాంటి అనిమోమీటరు ఆన్‌లైన్లో దొరుకుతుంది. అది కొనడం దండగ అనుకుంటే టిష్యూ కాగితం గ్రిల్ ముందు పట్టుకుని ఎంత ఎగురుతుందో పోల్చండి. ఎక్కువ తక్కువలు తెలియడానికి అది చాలు.

యూనిట్‌కి దగ్గరగా ఉన్న, ఎక్కువ చల్లబడే గదితో మొదలుపెట్టండి. దాని డాంపర్ పావువంతు మూయండి. గాలి పెద్దగా తగ్గినట్టు అనిపించదు, కంగారు పడొద్దు, ఈ పలకలు అలాగే ఉంటాయి, మొదటి సగం మూసేదాకా తేడా అంతంతమాత్రమే, ఆ తర్వాత కొంచెం తిప్పినా గాలి ఒక్కసారి పడిపోతుంది. కాబట్టి సగం దాటాక కొద్దికొద్దిగా కదపండి. ఒక్క డాంపర్ కదిపి, గదులన్నీ మళ్లీ చూసి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. ఒకటి మూస్తే ఆ గాలి మిగతా అన్నిటికీ వెళ్తుంది, కేవలం మీరు కోరుకున్న గదికే కాదు. శివారు గది డాంపర్ మాత్రం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. బాగుందనిపించాక రెక్కల నట్టు బిగించండి, లేకపోతే గాలి ఒత్తిడికి పలక అదురుతూ మెల్లగా తనంతట తనే జరుగుతుంది.

వాడని గదులు మూసేస్తే కరెంటు మిగులుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. ఏసీకి టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, చెన్నై లాంటి తేమ ఊళ్లలో 350 దాకా దించుతారు, తేమ బాగా లాగుతుందని. అంటే 3 టన్నుల మెషీన్‌కి వెయ్యికి పైమాటే. సగం గదులు మూసేస్తే అంత గాలి యూనిట్ లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీదుగా పోదు, కాయిల్ సున్నా కంటే దిగువకి చల్లబడి ఐసు కడుతుంది, ఐసు కట్టాక ఉన్న గాలి కూడా ఆగిపోతుంది, చివరికి సీలింగులోంచి నీళ్లు కారతాయి. అలా అయితే కంప్రెసర్ ఆపి ఫ్యాను మోడ్‌లో ఐసు కరిగేదాకా నడిపి, డాంపర్లు తెరవండి. డాంపర్లన్నీ తెరిచి, ఫిల్టరు శుభ్రంగా ఉన్నా మళ్లీ ఐసు కడితే అప్పుడు గ్యాస్ చూపించండి, ఆ మెకానిక్ మాట అప్పుడు నిజమవ్వొచ్చు. ఇంకో ఇబ్బంది, పూర్తిగా మూసిన గదిలోకి బయటి తేమ చేరి చల్లని గ్రిల్‌మీద, రేకుమీద చెమట పడుతుంది, జిప్సం బోర్డుమీద గోధుమరంగు మరకలొస్తాయి. వాడని గదికి కూడా కొంచెం సందు వదలండి.

పగలు హాలు, రాత్రి పడకగదులు అన్నట్టు రోజూ మార్చుకోవాలంటే చేత్తో కుదరదు, మోటారు డాంపర్లు కావాలి. గదికో థర్మోస్టాట్ ఉంటుంది, అది చెప్పినట్టు మోటారు పలకను తిప్పుతుంది. తిరగడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, మీట నొక్కగానే గాలి రాలేదని మళ్లీ మళ్లీ నొక్కొద్దు. పెట్టించేముందు కాంట్రాక్టర్ని ఒకటి అడగండి: ఒక్క గది మాత్రమే తెరిచి ఉంటే మిగతా గాలి ఎటు పోతుంది అని. మిగిలిన గాలిని వెనక్కి మళ్లించే బైపాస్ డాంపర్ అనో, మెషీన్ వేగం తగ్గుతుందనో సూటిగా జవాబు రాకపోతే ఇంకొకర్ని చూసుకోండి.

చలిదేశాల్లో ఇవే డక్టుల్లో చలికాలం వేడిగాలి పంపుతారు, వేడి పైకి పోతుంది కాబట్టి అప్పుడు మేడమీది డాంపర్లు కొంచెం మూసి, వేసవికి తిరగేస్తారు. పిడి దగ్గర రెండు గీతలుంటాయి. మనకి మార్గళి (ధనుర్మాసం) చలిలో కూడా ఒక్క గీత చాలు.

అపార్ట్‌మెంట్లో గోడ దాటే చోట ఫైర్ డాంపర్ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది మంటల వేడికి లింకు కరిగి దానంతటదే మూసుకోవడానికి పెట్టింది.

ఇవన్నీ చేశాక కూడా పడమటి గది ఉడుకుతుంటే ఆ గదికి వెళ్లే ఫ్లెక్సిబుల్ డక్టు ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. అదీ కాకపోతే బాధంతా నెత్తిమీది స్లాబుది, డాబామీద కూల్ రూఫ్ టైల్స్ గాని తెల్ల పూత గాని వేయించాలి, ఆ వేడికి డాంపర్ జవాబు చెప్పలేదు.