కాలేజీ లైబ్రరీ పేజీలో ఈ-జర్నల్ తెరుచుకోకపోతే

మా కౌంటర్‌కి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "సార్, జర్నల్ ఓపెన్ కావట్లేదు." పబ్లిషర్‌కి మెయిల్ పెట్టే ముందు స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చూడండి. చాలాసార్లు తప్పు మన పేజీలోనే ఉంటుంది.

క్యాంపస్‌లో ఉన్నా డబ్బు కట్టమంటోంది

ముందు ఫోన్ చూడండి. మొన్న ఒక పీహెచ్‌డీ అమ్మాయి రీడింగ్ రూమ్‌లో నా ఎదుటే కూర్చుని ఈ మాటే అంది. ఫోన్ పైన 5జీ అని ఉంది. కాలేజీ వైఫై ఆన్ చేయగానే పీడీఎఫ్ దిగింది.

వైఫైలోనూ రాకపోతే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు) సంగతి చూడాలి. పబ్లిషర్ మనల్ని గుర్తుపట్టేది దాంతోనే. కాలేజీ ఇంటర్నెట్ కనెక్షన్ మారిస్తే అది కూడా మారిపోతుంది. ఆ ముక్క లైబ్రరీకి మాత్రం ఎవరూ చెప్పరు. కొత్త అడ్రస్ పబ్లిషర్‌కి పంపాలి. 10తోనో, 192.168తోనో మొదలయ్యేది పంపకండి. అది లోపలి నెట్‌వర్క్ నంబరు, మీ ఇంటి రౌటర్‌లోనూ అలాంటిదే ఉంటుంది. బయటికి కనిపించే పబ్లిక్ ఐపీ కావాలి. నెట్‌వర్క్ చూసేవాళ్లని అడిగి, మొత్తం రేంజ్ (ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకో) రాయించుకోండి.

ఇంటి నుంచి రావట్లేదు

మన లింకు నేరుగా పబ్లిషర్ సైటుకి పోతోందన్నమాట. ప్రాక్సీ (బయట ఉన్నవాళ్లని లాగిన్ చేయించి కాలేజీ ఐపీ మీదుగా పంపే సర్వర్) ఉంటే ప్రతి లింకు ముందు దాని చిరునామా చేర్చాలి. యూజీసీ లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్‌లో (కాలేజీ లాగిన్‌తోనే పబ్లిషర్ సైట్లలోకి వెళ్లనిచ్చే ఏర్పాటు) సభ్యత్వం ఉంటే, పబ్లిషర్ పేజీలో సంస్థ లాగిన్ నొక్కి కాలేజీ పేరు ఎంచుకోవాలి. ఈ రెండు ముక్కలూ జర్నళ్ల జాబితా పైనే రాసి పెట్టండి, సగం ఫోన్లు తగ్గుతాయి.

నిన్న తెరుచుకున్న లింకు ఇవాళ పోయింది

అడ్రస్ బార్‌లోంచి కాపీ చేసిన లింకులో అప్పటి సెషన్ నంబరు (ఆ ఒక్క లాగిన్‌కే పనికొచ్చేది) ఉండి ఉంటుంది. వ్యాసానికైతే డీఓఐ (వ్యాసానికి ఇచ్చే మారని గుర్తింపు నంబరు) లింకు, జర్నల్‌కైతే దాని హోమ్‌పేజీ లింకు పెట్టండి.

చందా ఉంది, వెతికితే దొరకదు

పేరు మారి ఉండొచ్చు. 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' 1988లో 'బీఎంజే' అయింది. పాత పేరుతో వెతికినా కొత్త పేరుకే చేరేలా జాబితాలో రెండూ ఉండాలి. ప్రతి జర్నల్‌కీ ఉండే ఎనిమిది స్థానాల గుర్తింపు నంబరు ఐఎస్‌ఎస్‌ఎన్‌తోనూ వెతికే వీలు ఇవ్వండి.

పాత సంచికలు వస్తాయి, కొత్తవి రావు

కొన్ని డేటాబేసుల్లో తాజా సంచికలు కొన్నాళ్లు ఆగాకే పెడతారు. పేరు పక్కన ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు దొరుకుతుందో రాయండి. కేంద్ర ప్రభుత్వ ఉమ్మడి చందా పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లోనే దాదాపు 13,000 జర్నళ్లున్నాయి, చేత్తో టైప్ చేసే పని కాదు. పబ్లిషర్ ఇచ్చే టైటిల్ లిస్టు తీసుకుని నేరుగా ఎక్కించండి; లిస్టు మారినప్పుడల్లా పాతది తీసేయడం మరిచిపోవద్దు.